కార్టన్ కట్టని టీచరమ్మ

నా బిడ్డ చచ్చిపోయింది.

సౌదీలో, జిద్దాలో ఉండే మన తెలుగోళ్లు వేసే పుస్తకంలో ఆమె ఫోటో వేస్తాము, కింద నాలుగు మాటలు రాసియ్యండి అని అడిగినారు. ఈ మొదటి మాట చూసి, "ఇట్ల రాస్తే బాగుండదు పిన్నీ, అల్లా సన్నిధికి చేరింది అని రాద్దాం" అన్నారు. అల్లా దగ్గరికే పోయింది. ఆ నమ్మకం నాకు మీకంటే ఎక్కువే. కానీ అది నేను చూసింది కాదు. చచ్చిపోయింది అనేది చూసినాను. చెయ్యి నా చేతిలోనే ఉండింది. చూసింది ముందు చెప్పాల, విన్నది తర్వాత చెప్పాల, రెండూ కలిపి కలగూరగంప చేయకూడదు అని నాకు నేర్పింది ఆ బిడ్డే. కాబట్టి ఈ మాట ఇట్లనే ఉంటుంది.

నాలుగు మాటలతో కూడా అయ్యేది కాదు. నేను ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. గుణింతాలు తప్పు పోతే దిద్దుకోండి. మాట మాత్రం మార్చొద్దండి.

ఆ పొద్దున బడికి తయారై, వంటింట్లో నిలబడి టీ సాసర్లో పోసుకుని తాగతా ఉండింది. కప్పులో తాగితే ఆలస్యం అవుతాదని ఎప్పుడూ సాసర్లోనే. "మా, తల..." అనింది. అంతే. ఆసుపత్రిలో మెదడులో నరం చిట్లింది అన్నారు. మర్నాడు మధ్యాహ్నానికి చెయ్యి చల్లబడింది. ఇరవై ఎనిమిదేండ్లు. మాకు ఒక్కతే బిడ్డ.

ఆమె ఇక్కడ మన ఇండియా పిల్లోళ్లు చదివే బడిలో మూడు, నాలుగు తరగతులకు చరిత్ర చెప్పేది. ఉద్యోగం వచ్చిన కొత్తలో నేను నవ్వినాను. "ఎనిమిదేండ్ల పిల్లోళ్లకు చరిత్ర ఏంది మేయ్? ముక్కు తుడుచుకోవడం రాదు వాళ్లకు, రాజుల పేర్లు ఎట్ల వస్తాయి?" అన్నాను.

"రాజులు యాడికీ పోరు మా, ఉంటారు. ముందు వాళ్లకు నిన్న అంటే ఏందో తెలియాల" అనింది.

నిన్న అంటే తెలియకపోవడం ఏందని మీరూ అనుకుంటారు. నేనూ అనుకున్నాను. ఆ సాయంత్రం బడి నుంచి వచ్చి చెప్పింది. ఒక పిల్లోడు లేచి, "మిస్, మీరు చిన్నప్పుడు డైనోసార్లు ఉండేవా?" అని అడిగినాడంట. ఇంకో పాప లేచి, "లేదు, మిస్ చిన్నప్పుడు రాజులుండేవాళ్లు, మా జేజి చిన్నప్పుడు డైనోసార్లు" అని తీర్పు చెప్పిందంట. వాళ్లకు పాతవన్నీ ఒకే మూటలో ఉంటాయి. ఆ మూట విప్పి ఒక్కొక్కటి ఆరేయాల అనింది. అని, మర్నాడు మా మిద్దె మీద నేను బట్టలు ఆరేసుకునే తాడు విప్పుకుని పోయింది.

"తడి బట్టలు నా తల మీద ఆరేయాల్నా?" అని అరిచినాను.

"రెండు దినాలు తలమీదే ఆరేసుకో మా, ఎండలో తొందరగా ఆరతాయి" అని మెట్లు దిగిపోయింది.

ఆ తాడును క్లాసులో తలుపు దగ్గర నుంచి కిటికీ దాకా కట్టింది. కిటికీ కొస ఈ దినం. తలుపు కొస శానా పాత కాలం. పిల్లోళ్లు ఇంట్లోనుంచి ఏదన్నా పాత వస్తువు తెచ్చి, అది తాడు మీద యాడ ఉండాలో వాదులాడి, బట్టల క్లిప్పు పెట్టి తగిలించాల. అయితే ఊరికే తగిలించడానికి లేదు. మూడు ప్రశ్నలు దాటాల. ఎవరు చెప్పినారు? వాళ్లు చూసినారా, విన్నారా? ఇంకెవరన్నా అట్లే చెప్తారా? ఈ మూడు దాటిందే చరిత్ర, దాటనిది కథ. కథ కూడా మంచిదే, కానీ దాన్ని తాడు మీద తగిలించకూడదు, సంచిలో పెట్టుకోవాల. ఇది ఆమె చట్టం.

ప్రతి ఆదివారం, ఇక్కడ వారానికి మొదటి దినం కదా, పిల్లోళ్లంతా కలిసి తాడు మీద సామాన్లన్నీ ఒక జానెడు తలుపు వైపుకు జరపాల. కిటికీ దగ్గర కొత్త వారానికి చోటు కావాల కదా. తలుపు దగ్గర గోడ ఉంటుంది, కాబట్టి అక్కడి పాత సామాన్లు పోయేదానికి చోటు లేక ఒకదాన్నొకటి ఆనుకుంటాయి. "అట్ల కుప్పగా పడితే బాగలేదు కదా" అని ఒకసారి అన్నాను. "కాలమూ అంతే మా. పాతోళ్లంతా దగ్గర దగ్గరగా ఉంటారు" అనింది.

ఆ తాడు మీద ఏమేముండేవనుకుంటున్నారు? ఒక పాప కాళ్లకు తొడిగిన మొదటి సాక్సు. ఒకరి తాత వాచీ. నూనె బావులుండే ఖఫ్జీ నుంచి బదిలీ మీద వచ్చిన ఒకరి నాయన వేసుకున్న, నూనె మరకల చొక్కా. జగిత్యాల వైపు నుంచి వచ్చిన కుటుంబంలో ఒక పాప ఉంది, ముందు పండ్లు రెండూ ఊడినాయి, మాట్లాడితే గాలి వస్తుంది. ఆ పాప ఒక అట్టముక్క తెచ్చింది. వాళ్ల నాయన మొదటిసారి సెలవు మీద ఇంటికి పోయినప్పుడు కట్టుకున్న కార్టన్‌ది. నల్ల మార్కరుతో పేరు, ఊరు, మండలం, జిల్లా రాసి ఉండాది. ఈ దేశంలో బతికినోళ్లకు నేను చెప్పేది ఏముంది. ఇంటికి పోయేటోడు కార్టన్ కట్టకుండా పోడు. సబ్బులు, పాలపొడి, దుప్పటి కుక్కి, చుట్టూ తాడు బిగించి, నాలుగు పక్కలా పేరు రాసుకుంటాడు, యాడన్నా తప్పిపోతాదేమోనని. క్లాసులో ఎవరో పిల్లలు నవ్వినారంట, అట్టముక్క చరిత్రా అని. నా బిడ్డ ఆ అట్టను రెండు చేతులతో పైకి పట్టుకుని, "రాజులు పేరు రాతి మీద చెక్కించుకున్నారు. ఈ పాప వాళ్ల నాయన అట్ట మీద రాసుకున్నాడు. రెండూ శాసనాలే" అనిందంట. ఆ దినం నుంచి క్లాసులో దాని పేరు జగిత్యాల శాసనం.

నన్ను కూడా పిలిచింది ఒకసారి, సాక్షిగా.

మేము రాయచోటి పక్క దూదేకులోళ్లం. మా ఇంట్లో మాట తెలుగే. ఇక్కడ షరఫియా బజారులో బట్టల కొట్టుకు పోతే, మా బిల్డింగులోనే ఉండే హైదరాబాదు వైపు ఒకామె ఎప్పుడూ దెప్పేది. "క్యా అమ్మా, ముసల్మాన్ హోకే ఉర్దూ నై ఆతీ?" అని, ముసల్మానువై ఉండి ఉర్దూ రాదా అని. నేను తల దించుకుని రంగులు చూసుకునేదాన్ని. ఒకసారి నా బిడ్డ పక్కనే ఉంది. "ఆంటీ, మా తాత దూది ఏకే విల్లు తెలుగులోనే మోగేది" అని నవ్వతా చెప్పింది. ఆమెకు అర్థం కాలేదు. అర్థమయ్యేదాకా చెప్పింది, కొట్టు ముందర నిలబెట్టి, ఉర్దూలోనే.

అదే విల్లు గురించి చెప్పమని నన్ను క్లాసుకు తీసకపోయింది. ఇరవై ముప్పై మంది పిల్లోళ్లు, ఏ రాష్ట్రమోళ్లో. నేను తెలుగులో చెప్తే ఆమె ఇంగ్లీషులో, హిందీలో చెప్పేది. మా నాయన మంచమంత పొడుగు విల్లుకు నరం బిగించి, కట్టె సుత్తితో కొడతా ఉంటే దూది ఎట్ల లేచేదో చెప్పినాను. నాయన కనుబొమ్మలు ఎప్పుడూ తెల్లగా ఉండేవి, నేను ఆయన్ను ముసలోడనుకునేదాన్ని, నీళ్లు పోసుకుని వస్తే లోపల్నుంచి ఒక వయసు మనిషి బయటికి వచ్చేవాడు అని చెప్పినాను. పిల్లోళ్లు పడిపడి నవ్వినారు.

ముందు పండ్లు లేని పాప చెయ్యి ఎత్తింది. "అమ్మమ్మా, నువ్వు చూసినవా, విన్నవా?"

"చూసినాను."

"ఇంకెవరన్న గట్లనే చెప్తరా?"

నేను బిడ్డ వైపు చూసినాను. ఆమె ఏం సాయం చేయలేదు. పెదాలు బిగించి నవ్వు ఆపుకుంటా ఉండింది. అప్పుడు ఊర్లో ఉండే మా అన్నకు ఫోను కలిపి స్పీకరు పెట్టించినాను. "అన్నా, నాయన విల్లు ఎట్ల మోగేది?" అన్నాను. పొలంలో ఉన్నాడేమో, గాలి చప్పుడు. "ఎందుకు మేయ్ ఇప్పుడు? పిచ్చి గాని పట్టిందా?" అన్నాడు. తర్వాత నోటితోనే మోగించినాడు, "టంయ్... టటంయ్... టంయ్" అని. క్లాసంతా టంయ్ టంయ్. పక్క క్లాసు టీచరమ్మ పరిగెత్తుకుంటా వచ్చింది. ఆ దినం నా దిండులోని దూది పిడికెడు తలుపు దగ్గర తగిలించినారు. నేను తల దించుకునే సంగతిని నా బిడ్డ క్లిప్పు పెట్టి పైకి తగిలించింది. అట్ల చేసింది ఆమె చాలామందికి.

ఇంట్లో కూడా ఆ ప్రశ్నలు మానేది కాదు. వాళ్ల నాయన ఒక కంపెనీ బస్సు తోలుతాడు. సాయంత్రం వచ్చి కాళ్లు కడుక్కోగానే, "నాయనా, ఈ దినం ఏం చూసినావు?" అని కూర్చునేది. ఆయన, "అభా రోడ్డులో కొండ విరిగి పడిందంట" అంటే, "అంట వద్దు నాయనా, చూసింది చెప్పు" అనేది. "కోర్టులో పెట్టినట్టు పెడతావు కదమ్మా, కూడన్నా తిననీ" అనేవాడు ఆయన. తింటానే గుర్తు తెచ్చుకుని చెప్పేవాడు. సిగ్నలు దగ్గర నీళ్ల సీసాలు పంచే మనిషిని, లారీలోంచి తల బయటపెట్టి చూసే ఒంటెను. ఆయన మాటకారి అయింది ఆమె వల్లే.

ఇంకో అలవాటు. బడి నుంచి వచ్చేటప్పుడు దుపట్టా కొసకు బట్టల క్లిప్పులు పట్టుకుని ఉండేవి. మరిచిపోయి వచ్చేది. సోఫా సందులో క్లిప్పు, బియ్యం డబ్బాలో క్లిప్పు. ఇప్పుడూ దొరుకుతా ఉండాయి.

పోయింది. ఆమెను కడిగింది నేను, ఇంకో ఇద్దరు ఆడోళ్లు. తెల్లగుడ్డ కట్టినాము. నమాజు అయినాక మగోళ్లు తీసకపోయినారు. ఆడోళ్లం ఖబరస్తానుకు పోము. అక్కడ ఎవరి పేరూ రాయరు, రాజుకైనా కూలోడికైనా ఒకటే మట్టి, తల దగ్గర ఒక రాయి. అది నాకు తప్పనిపించదు. పేరు రాతి మీద లేకపోతే మనుషుల నోట్లో ఉండాల, అంతే. మా ఆయన తిరిగి వచ్చినప్పుడు చెప్పులకు మట్టి ఉండింది. "ఏం చూసినావు, చెప్పు" అన్నాను, బిడ్డ అడిగినట్టే. ఆయన గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. ఆ దినం నుంచి ఆయన నోట్లోంచి బిడ్డ మాట రాలేదు. ఫోనులో ఎవరన్నా పరామర్శిస్తే ఫోను నా చేతికిచ్చి బయటికి పోయేవాడు.

వచ్చినోళ్లంతా, "సబర్ చెయ్యి, ఓర్చుకో, మరిచిపో" అనేవాళ్లు. సబర్ చేస్తాను. మరిచిపోయేది మాత్రం నా పని కాదు. నా బిడ్డ చెప్తా ఉండేది, "గుర్తుపెట్టుకునేది మనిషి పని, మరిపించేది కాలం పని. కాలానికి మనం కూలికి పోవద్దు" అని. ఇంకొందరు, "ఇంకేముంది ఇక్కడ, ఎగ్జిట్ కొట్టించుకుని, ఈ దేశం విడిచి ఊరికి పోండి" అన్నారు. ఏముందా? నా బిడ్డ ఈ మట్టిలో ఉండాది. ఊర్లో ఏముంది మరి?

కొన్ని వారాలు పోయినాక బడి నుంచి ఫోను వచ్చింది, ఆమె సామాన్లు తీసకపొమ్మని. నేను, మా ఆయన పోయినాము. ఆయన కారు దిగలేదు. వాచ్‌మన్ నన్ను పెద్ద మేడం గదికి పంపినాడు. ఆమెది విజయవాడ వైపు. మంచామె. నా చేతులు పట్టుకుని ఏడ్చింది, అది కూడా చెప్పాల. తర్వాత గొంతు తగ్గించి ఒక మాట చెప్పింది.

"అమ్మా, పిల్లలకి మేము నిజం చెప్పలేదండి. టీచర్ గారు ఎగ్జిట్ మీద ఇండియా వెళ్లిపోయారని చెప్పాం. కొంతమంది తల్లిదండ్రులే అలా చెప్పమన్నారు. పసివాళ్లు, భయపడతారు. ఇక్కడ ఎప్పుడూ ఎవరో ఒకరు ఎగ్జిట్ మీద వెళ్తూనే ఉంటారు కదండీ, పిల్లలకి అలవాటే. మీరు వాళ్లకి కనిపించకుండా ఇటు వెనక గేటు నుంచి వెళ్తే మంచిది. ఇంకోటి, సెలవుల్లో గోడలకి రంగులేయిస్తున్నాం, ఆ తాడు కూడా తీసేస్తాం. మీకు జ్ఞాపకంగా కావాలంటే పట్టుకెళ్లండి."

నాకు ఏడుపు రాలేదు. అది అయిపోయింది అప్పటికే.

మీరు ఈ దేశంలో ఉంటే తెలుస్తుంది. ఇక్కడ పిల్లోళ్లకు నిజంగానే అలవాటు. నిన్న పక్కన కూర్చున్న స్నేహితురాలు ఈ దినం ఉండదు. నాయనకు పని పోయింది, ఎగ్జిట్. ఫీజు పెరిగింది, ఎగ్జిట్. ఎందుకు పోయినారు, యాడ ఉన్నారు అని ఎవరూ అడగరు. బెంచీ మీద పక్కకు జరిగి కూర్చుంటారు. అందుకే ఆ అబద్ధం సులువుగా అతికింది. కానీ నా బిడ్డ ఆ పిల్లోళ్లకు నేర్పింది జరిగి కూర్చోవడం కాదు. అడగడం.

సంచి పట్టుకుని మేడంతో వరండాలోకి వచ్చినాను. నీళ్లు తాగేదానికి వచ్చినట్టుంది, ఎదురుగా ఆ పండ్లు లేని పాప. ఒక పన్ను సగం వచ్చింది. నన్ను చూసి ఆగిపోయింది.

"టీచరమ్మమ్మా!" అనింది. నా దగ్గరకొచ్చి కొంగు పట్టుకుంది. "టీచర్ ఎగ్జిట్ పోలే గదా?"

"పాపా, క్లాసుకు వెళ్లు" అనింది మేడం.

పాప కొంగు వదల్లేదు. "ఎగ్జిట్ పోయెటోళ్లు కార్టన్ కడుతరు. తాడు కడుతరు. పేరు రాస్తరు. టీచర్ కార్టన్ కట్టలే. మా డాడీని అడిగిన, టీచరోళ్ల బిల్డింగ్ల కార్టన్ ఎవ్వలు సూడలే. టీచర్ స్వెట్టర్ గూడ కుర్చీకే ఉన్నది. ఇండియాల చలి లేదని ఒకడన్నడు, గని గది తప్పు. నేను సూసిన, మా ఊర్ల చలి ఉన్నది."

మేడం నా వైపు చూసింది. ఒక్క మాట అబద్ధం చెప్పండి, సులువుగా అయిపోతుంది అన్నట్టు చూసింది. ఆ పాప కూడా చూసింది. అప్పుడు నాకు తెలిసింది, ఇక్కడ పోయేది నా బిడ్డ ప్రాణం కాదు, అది పోయింది. ఇక్కడ పోయేది ఆమె పని. టీచరమ్మ తల్లి నోటితోనే అబద్ధం వస్తే, ఆ తాడు మీద సామాన్లన్నీ ఒక్కసారి కింద పడినట్టే. వాటిని మళ్లీ ఎవరూ ఎత్తలేరు.

"మేడమ్మా," అన్నాను, "నేను వెనక గేటు నుంచి పోను. నా బిడ్డ దొంగతనం చేసి పోలేదు."

"అమ్మా, దయచేసి..."

"పిల్లోళ్లు భయపడతారు, నిజమే. నేనూ భయపడినాను. మీరూ భయపడినారు. భయపడనీ. మనం పక్కనే ఉంటాము కదా."

మేడం అడ్డం రాలేదు. నా వెనకే వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

క్లాసులో కొత్త టీచరమ్మ, చిన్నపిల్ల, భయపడి లేచి నిలబడింది. ఊదారంగు స్వెట్టరు కుర్చీ వీపుకు అట్లే ఉండాది. ఏసీ చలికి పడదని ఆమె పెట్టుకున్నది. స్వెట్టరు ఎడమ చెయ్యికి మార్కరు మరకలు, బోర్డు దాంతోనే తుడిచేది కాబట్టి. ఆ కుర్చీలో కొత్తామె కూర్చోలేదు, పక్కన ఇంకో కుర్చీ వేసుకుంది.

"నేను తెలుగులో చెప్తాను. అందరికీ నువ్వు చెప్పు" అన్నాను పాపతో. పాప నా పక్కన నిలబడి గౌను సరిచేసుకుంది.

"మీ టీచరు చచ్చిపోయింది. తలలో నరం చిట్లింది. ఎగ్జిట్ పోలేదు."

పాప హిందీలో చెప్పింది. చెప్తా చెప్తా గొంతు సన్నమైంది గాని ఆపలేదు. ఒక పిల్లోడు బెంచీ కిందికి వంగి ఏడ్చేది నాకు కనపడతా ఉండింది. కొత్త టీచరమ్మ పోయి వాడి పక్కన కూర్చుంది. ఎవరూ చెప్పకుండానే చేసింది ఆ పని.

తర్వాత ఒక చెయ్యి లేచింది. వెనక బెంచీ పిల్లోడు. పాప వాడి మాట నాకు తెలుగులో చెప్పింది. "మీరు చూసినరా, విన్నరా అంటున్నడు."

"చూసినాను. చెయ్యి పట్టుకునే ఉన్నాను."

"నొప్పయిందా టీచర్‌కు?"

"తెలీదు నాయనా. తల అనింది, ఆ తర్వాత మాట్లాడలేదు. నాకు తెలిసింది అంతే."

తెలీదు అంటే ఎవరూ మొహం చిట్లించలేదు. తెలీదు అనడం ఆ క్లాసులో తప్పు కాదు. ఆమె పెట్టిన చట్టమే అది కూడా.

"ఇప్పుడు యాడ ఉన్నరు?"

"ఇక్కడే. జిద్దా మట్టిలో."

"మట్టిల పెట్టంగ మీరు చూసినరా?"

"లేదు" అన్నాను. "అది విన్నాను. ఆడోళ్లం పోము. వాళ్ల నాయన చూసినాడు."

పాప అందరికీ చెప్పింది. అందరూ దాన్ని అరాయించుకున్నారు. తర్వాత నాకు తెలిసిన మూడో ప్రశ్న వచ్చింది, వస్తుందని నాకు తెలుసు. "ఇంకెవరన్న గట్లనే చెప్తరా?"

నేను మేడం వైపు చూసినాను. ఈ ప్రశ్నకు జవాబు బయట కారులో కూర్చుని ఉండాది, గోడ వైపు మొహం పెట్టుకుని.

మేడం కొంగుతో కండ్లు తుడుచుకుంది. తర్వాత వాచ్‌మన్‌ను పిలిచి, "బయట కారులో సార్ ఉన్నారు. లోపలికి తీసుకురా" అనింది. ఆ మాటకు ఆమెకు నేను రుణపడి ఉన్నాను. పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు.

మా ఆయన తలుపు దాకా వచ్చి ఆగిపోయినాడు. చెప్పులు విడవాల్నా వద్దా అన్నట్టు కాళ్లు చూసుకున్నాడు. అవే చెప్పులు. నేను కడగలేదు, ఆయనా కడగలేదు. పిల్లోళ్లంతా తిరిగి చూసినారు.

"ఏమయ్యా," అన్నాను, "నీ బిడ్డ క్లాసు అడుగుతా ఉండాది. ఏం చూసినావో చెప్పు. అంట వద్దు."

పిల్లోళ్లు ఓపికగా ఉన్నారు. వాళ్లకు సాక్షుల కోసం కాచుకోవడం తెలుసు. ఆయన కండ్లు కుర్చీకి ఉన్న స్వెట్టరు మీద పడినాయి.

"చూసినాను" అన్నాడు. "నేనే దిగి ఈ చేతులతో పడుకోబెట్టినాను. కుడి పక్కకు, మక్కా ఉండే ఖిబ్లా వైపు మొహం పెట్టి. మెత్తటి మట్టి. అక్కడ ఒక పిట్ట ఉండింది, గోడ మీద. అంతసేపూ పోలేదు."

ఆ పిట్ట సంగతి నాకూ అప్పుడే తెలిసింది.

పాప చెప్పింది. క్లాసు విన్నది. వెనక బెంచీ పిల్లోడు ఏదో అన్నాడు, అందరూ తలలు ఊపినారు. "మూడు దాటింది అంటున్నడు" అనింది పాప. "ఇగ తగిలియ్యొచ్చు."

ఏది తగిలించాల అని వాళ్లు ఎక్కువ వాదులాడలేదు. కుర్చీకి ఉన్న స్వెట్టరు తీసినారు. యాడ పెట్టాల అనేదానికి మాత్రం పెద్ద గొడవ. టీచరు మొన్నటిదాకా ఉండింది కాబట్టి కిటికీ పక్కనే అని కొందరు. పుట్టి శానా ఏండ్లయింది కాబట్టి అట్ట శాసనం దాటి ఇంకా అవతల అని కొందరు. ఏడుస్తానే వాదులాడినారు, ముక్కులు కారుతా. కొత్త టీచరమ్మ కూడా వాదంలో దిగింది. చివరికి కిటికీ వైపే గెలిచింది. నా సంచిలో చెయ్యి పెడితే క్లిప్పులు తగిలినాయి, ఆమె దుపట్టా నుంచి తీసినవి. రెండు ఇచ్చినాను.

మా ఆయన ఎత్తుగా ఉంటాడు. తాడు ఒక పక్క జారి ఉంటే, ఎవరూ అడక్కుండానే పోయి మళ్లీ బిగించి కట్టినాడు. లారీ మీద సామాను కట్టే ముడి వేసినాడు, ఊడదు అది. మేడం చూస్తానే ఉంది. గోడలకు రంగు మాట ఎత్తలేదు. సెలవులైనాయి, గోడలకు రంగు వేసినారు, తాడు చుట్టూ వదిలేసి వేసినారు. తాడు వెనక పాత రంగు ఒక సన్నటి గీతలా ఉండిపోయిందని పాప చెప్పింది. విన్న మాటే, కానీ ఆ పాప చూసిందే చెప్తుంది.

మేము ఎగ్జిట్ కొట్టించుకోలేదు. ఇక్కడే ఉన్నాము. సాయంత్రం మా ఆయన కాళ్లు కడుక్కుని వస్తే నేనే అడుగుతాను, "ఏం చూసినావు?" అని. గొణుగుతా చెప్తాడు.

ప్రతి ఆదివారం పొద్దున మొదటి గంటకు నేను గడియారం చూస్తాను. ఆ క్లాసులో పిల్లోళ్లు బెంచీలెక్కి, తాడు మీద సామాన్లన్నీ ఒక జానెడు తలుపు వైపుకు జరుపుతా ఉంటారు. సాక్సు జరుగుతుంది, నూనె చొక్కా జరుగుతుంది, జగిత్యాల శాసనం జరుగుతుంది, రెండు క్లిప్పుల కింద ఊదారంగు స్వెట్టరు జరుగుతుంది. తలుపు దగ్గర మా నాయన దూది ఉండాది, పోయేదానికి ఇంక చోటు లేదు దానికి, అక్కడే కాచుకుని ఉంటుంది. జానెడు జానెడుగా నా బిడ్డ దాని దగ్గరికి పోతా ఉండాది. ఏసీ గాలికి మరకల చెయ్యి ముందుకు లేస్తా ఉంటుంది.